అడవి దారుల్లో తిరిగే బండికి జీపీఎస్ ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?

సోలార్ పంపుల మెకానిక్, నల్లగొండ (మార్చి 9)

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా సోలార్ పంపుసెట్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. ఇల్లు నల్లగొండలో ఉన్నా పని ఎక్కువగా దేవరకొండ దాటాకే ఉంటుంది. చందంపేట, నేరేడుగొమ్ము తండాలు, డిండి అవతలి చేలు, అచ్చంపేట మీదుగా అమ్రాబాద్, పదర. 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో గిరిజన రైతులకు సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలయ్యాక ఆ వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లు బాగా పెరిగాయి. అన్నిటికీ నా 125 సీసీ బండే ఆధారం. ఏడేళ్ల పాతది. వెనుక సీటు మీద పనిముట్ల పెట్టె, దాని మీద తీగ చుట్ట కట్టుకుని తిరుగుతాను.

ఫిబ్రవరి మొదటి వారంలో చందంపేట అవతలి ఒక తండా నుంచి రైతు ఫోను చేశాడు. పంపు ఆగిపోయి రెండు రోజులైందన్నాడు. ఆలస్యంగా విత్తిన వేరుశనగ, సరిగ్గా ఊడలు దిగే సమయం. అప్పుడు నేల పైపొర ఎండి గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, కాయ కట్టదు. నేను మధ్యాహ్నం రెండింటికే దేవరకొండ దాటాను. దారి అడిగితే "కుంట కట్ట మీదుగా వచ్చి వేపచెట్టు దగ్గర ఎడమకు తిరుగు" అన్నాడు. ఆ దారిలో కుంటలే మూడున్నాయి. పైగా అదే పేరుతో రెండు తండాలున్నాయని నాకు తర్వాత తెలిసింది. కాసేపటికి సిగ్నల్ పోయింది, ఫోనులో పటం ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు మిగిలాయి. నేను చేరేసరికి అయిదున్నర.

చూస్తే లోపం చాలా చిన్నది. రెండు ప్యానెళ్ల నడుమ ఎంసీ4 కనెక్టర్ వదులై కాలిపోయింది. పది నిమిషాల్లో మార్చాను. కానీ అప్పటికి ఎండ దిగిపోయింది. ఎండ లేనిదే ఈ పంపు తిరగదు, బాగయిందో లేదో చూడటానికి కూడా వీలుండదు. రాత్రి ఆ రైతు ఇంట్లోనే పడుకుని, మర్నాడు ఎనిమిదింటికి నీళ్లు పడటం చూసి బయలుదేరాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకే మనసు ఊరుకోలేదు. దారి వెతుకుతూ నేను పోగొట్టిన రెండు గంటలు ఆ చేనుకు ఒక రోజు నీళ్లు.

అందుకే బండికి జీపీఎస్ పెట్టించాలని నిశ్చయించుకున్నాను. పట్టణంలో ఒక దుకాణంలో అడిగితే చిన్న నల్లని డబ్బా చూపించారు. సీటు కింద దాచి తీగలు కలిపితే బండి ఎక్కడుందో ఫోనులో తెలుస్తుందట, లోపల సిమ్ము వేయాలట. అది బండి పోతే వెతుక్కునే ట్రాకర్. నేను అడిగింది నాకు దారి చూపే పరికరం. రెండింటినీ జీపీఎస్ అనే అంటున్నారు కాబట్టి, కొత్తగా కొనేవారు ఈ తేడా గమనించాలని ముందుగా చెబుతున్నాను.

ఇంకొక దెబ్బ కూడా తగిలింది. ఎనిమిది నెలలుగా నా ఫోనునే హ్యాండిలు మీద ప్లాస్టిక్ క్లిప్పులో పెట్టుకుని తిరిగాను. జనవరి నుంచి దాని కెమెరా వణుకుతోంది. ఫొటో తీయబోతే లోపల సన్నగా గీమంటుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. పంపు కంట్రోలర్ మీద వచ్చే లోపం సంఖ్యనూ, మోటారు మీది నంబరు పలకనూ ఫొటో తీసి పంపితేనే విడిభాగం వస్తుంది. కెమెరా లేకపోతే నాకు చేయి విరిగినట్లే. ఇది బండి కుదుపుల వల్లేనా?

నా చేతిలో పదిహేను వేల రూపాయలున్నాయి. మోటారుసైకిల్ కోసమే తయారుచేసే పరికరం కొనాలా, ఇంకో ఫోను పెట్టుకోవాలా? సిగ్నల్ లేని చోట ఏది పనిచేస్తుంది? ఏప్రిల్, మే ఎండల్లో తెర కనిపిస్తుందా? బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటే బండికి ఇబ్బందా? మన వైపు దారుల్లో నిజంగా వాడినవారు చెబితే మేలు చేసినవారవుతారు.


ఆటో ఎలక్ట్రీషియన్, జడ్చర్ల (మార్చి 9)

అన్నా, పరికరం సంగతి వేరేవారు చెబుతారు. నేను తీగల సంగతి చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే బళ్లలో చార్జరు పెట్టించుకున్నాక బ్యాటరీ పడిపోయినవి చాలా ఉంటాయి. తప్పు చార్జరుది కాదు, కలిపిన చోటుది.

చాలామంది చార్జరు తీగను నేరుగా బ్యాటరీకి కలిపి వదిలేస్తారు. ఫోను పెట్టకపోయినా చార్జరు లోపలి చిన్న దీపం, దాని సర్క్యూటు కరెంటు తాగుతూనే ఉంటాయి. 20 మిల్లీ ఆంపియర్లే అనుకో. రోజుకు 24 గంటలు లెక్కవేస్తే దాదాపు అర ఆంపియర్ అవర్. నీ 125 సీసీ బండిలో బ్యాటరీ నాలుగో అయిదో ఆంపియర్ అవర్లది ఉంటుంది. నాలుగు రోజులు బండి కదలకుండా నిలబెడితే సగం ఖాళీ. అయిదో రోజు సెల్ఫ్ తిరగదు. అడవి నడుమ అలా ఆగితే ఎంత కష్టమో నీకు చెప్పనక్కరలేదు.

కాబట్టి తాళం చెవి తిప్పితేనే కరెంటు వచ్చేలా కలిపించు. అయిదు వోల్టులు, రెండు ఆంపియర్ల చార్జరు అంటే పది వాట్లు. బండి వైపు నుంచి అది సుమారు ఒక ఆంపియరు లాగుతుంది. అంత చిన్న భారానికి రిలే (తాళం నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో పనిచేసి, బ్యాటరీ కరెంటును కలిపే స్విచ్చి) తప్పనిసరి కాదు, తాళం తర్వాతి తీగ నుంచే తీసుకోవచ్చు. అయినా ఏడేళ్ల బండి అన్నావు కాబట్టి నేనైతే రిలే పెడతాను. తాళం లోపలి కాంటాక్టులు అప్పటికే అరిగి ఉంటాయి, వాటి మీద కొత్త భారం వేయడం నాకు ఇష్టం ఉండదు. రిలే మీద అంకెలు రాసి ఉంటాయి. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగ. 87 నుంచి చార్జరుకు. 86కు తాళం తర్వాత కరెంటు వచ్చే ఏదైనా తీగ, వెనుక లైటుది బాగుంటుంది. 85 ఎర్తుకు. చార్జరు నెగటివ్‌ను మాత్రం చాసిస్‌కు కాకుండా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు ఇప్పించు. పాత బండి చాసిస్ మీద తుప్పు, రంగు పొరలు ఉంటాయి, ఎర్తు సరిగా పట్టదు.

ఫ్యూజు మూడు ఆంపియర్లది చాలు. అది బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజును తీసుకుపోయి హెడ్‌లైటు దగ్గర పెడితే, నడుమ ట్యాంకు కింద తీగ ఒరుసుకుని షార్టయినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు. అతుకుల మీద నల్ల టేపు వద్దు. మే నెలలో జిగురు కరిగి జారిపోతుంది. వేడి చేస్తే ముడుచుకునే స్లీవు వేయించు. హ్యాండిలు మెడ దగ్గర తీగను బిగుతుగా లాగకుండా, రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగబడనంత వదులు ఉంచమని చెప్పు. నేను చూసిన తెగిపోయిన తీగల్లో ఎక్కువ అక్కడ తెగినవే.

పని అయ్యాక మీటరు పెట్టి చూడాలి. ఇంజను నడుస్తూ, హెడ్‌లైటు వెలుగుతూ, చార్జరుకు ఫోను తగిలించి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5కూ 14.5కూ నడుమ వోల్టులు ఉండాలి. 13 కన్నా తక్కువుంటే బండి తట్టుకోవడం లేదని అర్థం. 15 దాటితే వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటరు పోతోంది, ముందు అది మార్చాలి. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది కదా, మిగులు కరెంటు తక్కువ. అందుకే ఈ పరీక్ష వదలకూడదు.


ఆరోగ్య కార్యకర్త, అచ్చంపేట (మార్చి 10)

అన్నా, నేను పిల్లల టీకాల పని మీద అమ్రాబాద్, పదర మండలాల్లో స్కూటరు మీద తిరుగుతాను. మీ ఎండ సంగతి చదివితే నా ఐసు సంగతి గుర్తొచ్చింది. టీకాల పెట్టెలో మంచు పలకలు కరిగేలోపు ఊరు చేరాలి. దారి తప్పితే నాకూ రోజు పోతుంది.

మొదట ఒక విషయం తెలుసుకోండి. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. మీ స్థానం చెప్పేది సెల్ టవరు కాదు, 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు, నల్లమల నడుమ ఉన్నా ఫోను తన చోటు లెక్కకట్టుకోగలదు. సిగ్నల్ పోయినప్పుడు ఆగిపోయేది పటం, ఎందుకంటే దాన్ని మీ ఫోను అప్పటికప్పుడు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటోంది. ఆ రోజు మీ తెర మీద ఖాళీ గళ్ల నడుమ నీలి చుక్క కదులుతూనే ఉండి ఉంటుంది, గమనించారో లేదో. కాబట్టి పటాన్ని ఇంట్లోనే దించుకుని ఉంచుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ప్రాంతాన్ని ఎంచుకుని దించుకోవచ్చు. నేను వాడేది ఆర్గానిక్ మ్యాప్స్. ఓఎస్‌మ్యాండ్ కూడా అలాంటిదే. రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా దారులు చేర్చగల ఉచిత పటం మీద నడుస్తాయి. తెలంగాణ మొత్తం ఫోనులోనే ఉంటుంది, సిమ్ము తీసేసినా దారి చూపుతుంది.

రెండో సంగతి నేను కష్టపడి నేర్చుకున్నది. ఫోనును అడవిలోకి వెళ్లాక మొదటిసారి తెరవకండి. ఇంటర్నెట్ ఉంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఫోనుకు వెంటనే తెలిసిపోతుంది. లేకపోతే ఆ వివరాలు ఉపగ్రహం నుంచే నిదానంగా అందాలి. ఒక్కొక్కటి తన వివరాలను 30 సెకన్లకోసారి పంపుతుంది, నడుమ చెట్టు అడ్డొచ్చి తెగిపోతే మళ్లీ మొదటి నుంచి. అందుకని నేను అచ్చంపేటలోనే పటం తెరిచి, చుక్క నిలకడగా నిలిచాకే బయలుదేరతాను. ఈ నెలలో అయితే అంత ఇబ్బంది లేదు, టేకు, నల్లమద్ది ఆకు రాల్చి ఆకాశం కనిపిస్తూ ఉంటుంది. భాద్రపదంలో అదే దారిలో ఆకు దట్టంగా, తడిగా ఉన్నప్పుడు చుక్క పక్కకు జరగడం నేను చూశాను. ఎల్1, ఎల్5 అని రెండు పౌనఃపున్యాలు అందుకునే ఫోను దొరికితే అలాంటి చోట మెరుగ్గా ఉంటుంది.

మూడోది, మీకు అన్నిటికన్నా పనికొచ్చేది. ఏ కంపెనీ పటమూ మన తండాల దారుల్ని మీ అంత వివరంగా ఎరగదు. ఒకసారి వెళ్లిన ప్రతి పంపు దగ్గరా నిలబడి ఆ చోటును దాచుకోండి. రైతు పేరు, ఊరి పేరు, ఏ మోటారో కూడా అక్కడే రాసుకోండి. కొత్త రైతు అయితే, ఇంటి దగ్గర కాకుండా పంపు దగ్గర నిలబడి అక్షాంశ రేఖాంశాలు చూసి మామూలు మెసేజీగా పంపమనండి. అమ్రాబాద్ వైపు అయితే అక్షాంశం 16తో, రేఖాంశం 78తో మొదలవ్వాలి. అలా లేకపోతే అంకెలు తారుమారయ్యాయన్నమాట. దశాంశం తర్వాత నాలుగో అంకె వరకు ఉంటే సుమారు పదకొండు మీటర్ల లోపు చేరతారు. నేను వీటిని ఒక నోటుబుక్కులో కూడా రాసుకుంటాను, ఫోను కింద పడిన రోజున అదే కాపాడింది.

శ్రీశైలం దారిలో పులుల అడవి ఉంది కాబట్టి, మన్ననూరు గేటు నుంచి దోమలపెంట వరకు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను వదలరు. పరికరం చూపే ప్రయాణ సమయంలో ఆ గేటు సంగతి ఉండదు. సాయంత్రం పనులకు వెళ్లేటప్పుడు అది మీరే లెక్కవేసుకోండి.


సోలార్ పంపుల మెకానిక్, నల్లగొండ (మార్చి 10)

అక్కా, ఖాళీ గళ్ల నడుమ నీలి చుక్క నిజంగానే ఉంది! మీరు చెప్పాక గుర్తుకొచ్చింది. అది పాడైపోయిందనుకుని నేను ఫోను ఆపి మళ్లీ తెరిచాను, దాంతో అది కూడా పోయింది. ఈ ఒక్క మాట ఫిబ్రవరిలో తెలిసి ఉంటే ఎంత బాగుండేది. తమ్ముడు చెప్పిన రిలే అంకెలు కాగితం మీద రాసుకున్నాను. మా వీధిలో వైరింగు చేసే పెద్దాయనకు చూపిస్తే, ఇలా చెప్పినవారికి పని తెలుసు అన్నారు. ఇక పరికరం, బిగింపు సంగతి ఎవరైనా చెప్పాలి.


దూర ప్రయాణాల రైడర్, మహబూబ్‌నగర్ (మార్చి 12)

మిత్రమా, మీ కెమెరా వణుకు గురించి మొదట. అది కుదుపుల వల్ల వచ్చే అవకాశమే ఎక్కువ. ఖరీదైన ఫోన్లలో చేయి వణికినా ఫొటో చెదరకుండా ఉండటానికి కటకాన్ని తేలియాడేలా పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది, ఓఐఎస్ అంటారు. ఆపిల్ సంస్థ 2021 సెప్టెంబరులో తానే హెచ్చరిక ఇచ్చింది: శక్తిమంతమైన మోటారుసైకిల్ ఇంజన్ల కంపనం హ్యాండిలు ద్వారా ఫోనుకు చేరితే ఈ భాగమూ, ఆటోఫోకస్సూ దెబ్బతినవచ్చని. చిన్న బళ్లయినా కంపనం తగ్గించే బిగింపు వాడమని అదే చోట చెప్పింది. మీది చిన్న బండే, కానీ ఎనిమిది నెలలు, ప్లాస్టిక్ క్లిప్పు, మన గతుకుల బాటలు. కెమెరా మార్పించాక ఆ ఫోనును మళ్లీ హ్యాండిలు మీద పెట్టకండి. జేబులో ఉంచండి.

మోటారుసైకిల్ కోసమే చేసిన పరికరం నా దగ్గర ఉంది, గార్మిన్ జూమో ఎక్స్‌టీ. తెర అయిదున్నర అంగుళాలు, మిట్టమధ్యాహ్నం అలంపురం దారిలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. చేతి తొడుగులతో తాకినా పలుకుతుంది, వానలో ఆగదు. దాన్ని నేను ఇష్టపడతాను. అయినా మీకు వద్దంటున్నాను. ధర మీ దగ్గరున్న సొమ్ముకు చాలా పైన ఉంటుంది. అంత పెట్టినా మీకు కావలసిన తండా బాటలు అందులో ముందే ఉంటాయన్న హామీ లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్‌తో తెచ్చిన ట్రిప్పర్ లాంటి గుండ్రటి సూచికలూ ఉన్నాయి, అవి ఫోనులోని దారిని బాణం గుర్తుగా చూపుతాయి. రహదారి మీద చక్కగా పనికొస్తాయి. పేరులేని బండ్లబాటలు మూడుగా చీలే చోట బాణం చాలదు, పటమే కనిపించాలి.

మీరు ఆలోచించదగ్గవి రెండు. ఒకటి చేతిలో ఇమిడే గార్మిన్ ఈట్రెక్స్ 32ఎక్స్ లాంటిది. తెర రెండుంపావు అంగుళాలలోపే, కానీ రెండు మామూలు పెన్సిల్ సెల్స్‌తో 25 గంటల వరకు నడుస్తుంది. సెల్స్ ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, చార్జరు గొడవే లేదు. ఎండకు వెలిసిపోయినట్లు కనిపించదు, పైగా ఎండ పడేకొద్దీ బాగా కనిపించే తెర అది. అడవిలో నడిచేవారికి దాన్ని మించింది లేదని నా అభిప్రాయం. బండి మీద మాత్రం కళ్లు చిట్లించి చూడాల్సి వస్తుంది, మన కళ్లు దారి మీద నుంచి అంతసేపు పోకూడదు. రెండోది, ఇంట్లో మూలన ఉన్న పాత ఫోను. ఓఐఎస్ లేని సాదా కెమెరా ఉన్నదైతే ఇంకా మంచిది, వణకడానికి అందులో ఏమీ ఉండదు. బ్యాటరీ కొత్తది వేయించి, ఆ అక్క చెప్పిన పటాలు నింపి, దాన్ని దారికే కేటాయించండి. మీ పనికి నా ఓటు దీనికే.

బిగింపు మీద మాత్రం పిసినారితనం చేయకండి. పరికరం కన్నా దీనికే ముందు డబ్బు పెట్టాలి అంటాను. చాలా బళ్లకు హ్యాండిలు చివరల దగ్గర 22 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఉక్కు యూ-బోల్టుతో పట్టి, నడుమ రబ్బరు గుండు ఉండి, ఫోను పట్టే కొక్కేలు అల్యూమినియంవి ఉన్న రకం తీసుకోండి. ప్లాస్టిక్ కొక్కేలు రెండు ఎండాకాలాలు చూస్తే పెళుసుబారి విరుగుతాయి. అద్దం కాడకు తగిలించే రకం వద్దు. అద్దం కాడ పొడుగ్గా ఉంటుంది కాబట్టి కుదుపు అక్కడ ఇంకా పెరుగుతుంది. హ్యాండిలు నడుమ, మెడ బోల్టులకు దగ్గరగా కుదుపు తక్కువ.

చోటు కుదిర్చేటప్పుడు బండి మీద కూర్చునే చూడండి. స్పీడోమీటరు మరుగు కాకూడదు. హ్యాండిలును ఎడమకూ కుడికీ చివరిదాకా తిప్పి, ఫోను ట్యాంకుకు తగలడం లేదని, కింద క్లచ్ తీగ, యాక్సిలరేటర్ తీగ నలగడం లేదని చూసుకోవాలి. యాక్సిలరేటర్ తీగ నలిగి బిగుసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నట్టుకు నీలి రంగు థ్రెడ్‌లాకర్ (కుదుపులకు నట్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయండి. ఫోనుకూ హ్యాండిలుకూ కలిపి ఒక బలమైన తాడు కట్టండి. సోమశిల దగ్గర నా పరికరం ఊడి తాడు మీద వేలాడింది, లేకపోతే కృష్ణలో వెతుక్కోవాల్సి వచ్చేది.

పోలీసుల సంగతి అడగలేదు గానీ చెబుతున్నాను. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధనల సవరణ ప్రకారం, నడిపేవారి ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను వాడవచ్చు. దారి వెతకడం, ఊరి పేరు కొట్టడం మాత్రం బండి ఆపాకే.


సోలార్ పంపుల మెకానిక్, నల్లగొండ (ఏప్రిల్ 27)

మీ అందరి సలహాలతో పని పూర్తయింది. నెల రోజులు తిరిగాక రాద్దామని ఆగాను.

మా అమ్మాయి పక్కన పెట్టిన పాత ఫోను తీసుకున్నాను. కెమెరాకు ఓఐఎస్ లేదు. బ్యాటరీ కొత్తది వేయించాను. సిమ్ము వేయలేదు. అల్యూమినియం కొక్కేలున్న బిగింపు కొన్నాను, మెడకు ఎడమ పక్కన పెట్టించాను. మొదట కుడి పక్కన పెడితే, పూర్తిగా తిప్పినప్పుడు యాక్సిలరేటర్ తీగను ఒత్తుతోందని చెయ్యి పెట్టి చూసుకున్నాను, వెంటనే మార్చాను. అది చెప్పిన అన్నకు నేను రుణపడి ఉన్నాను. వైరింగు పెద్దాయన రిలే, ఫ్యూజు తమ్ముడు చెప్పినట్లే పెట్టారు. హెడ్‌లైటు వెలుగుతూ 13.8 వోల్టులు చూపించింది. అంతా కలిపి, నా పని ఫోను కెమెరా మార్పించిన ఖర్చుతో సహా, పదిహేను వేలలోపే తేలింది.

ఎండ సంగతి మాత్రం నేను అనుకున్నదానికన్నా గట్టిగా ఉంది. ఈ నెలలో రెండో వారం, డిండి దాటాక మధ్యాహ్నం ఒంటిగంటకు తెర దానంతటదే మసకబారింది, చార్జింగు ఆగిపోయింది. వేడి ఎక్కువైతే ఫోను తనను తాను కాపాడుకోవడానికి అలా చేస్తుందట. వెనుక ఉన్న రబ్బరు తొడుగు తీసేశాను, గాలి తగులుతుందని. ప్యానెల్ పనిలో మిగిలిన అల్యూమినియం రేకుతో తెర పైన చూరులాగా చిన్న నీడ చేశాను. బ్యాటరీ 80 శాతం దాటితే చార్జరు తీగ లాగేస్తున్నాను, చార్జింగు కూడా వేడి పెంచుతుంది కాబట్టి. దాంతో చాలావరకు నెమ్మదించింది. అయినా పన్నెండు నుంచి మూడు దాకా నడుమ నడుమ చెట్టు కింద ఆగాల్సిందే, ఫోనుకూ నాకూ.

ఇప్పటికి 64 పంపుల చోట్లు దాచుకున్నాను. అక్క చెప్పినట్లు నోటుబుక్కులో కూడా రాస్తున్నాను. ప్రతి చోటా కుంట, చెట్టు, గుడి ఏవి ఉంటే అవి కూడా రాసుకుంటున్నాను, ఎందుకంటే చివరి వంద గజాలు చుక్క కన్నా అవే బాగా పట్టిస్తాయి. బండి వెళ్లే బాటలను ఓఎస్‌మ్యాండ్‌లో గీతగా నమోదు చేస్తున్నాను. చందంపేట అవతల పటంలో అసలు లేని నాలుగు బాటలు ఇప్పుడు నా ఫోనులో ఉన్నాయి. వాటిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అందరికీ కనిపించేలా చేర్చవచ్చని అమ్మాయి చెప్పింది. సెలవుల్లో ఇద్దరం కూర్చుని ఆ పని చేస్తాం. ఆ తండాకు రేపు అంబులెన్సు వెళ్లాల్సి వచ్చినా దారి కనిపించాలి కదా.

మొన్న ఆ వేరుశనగ రైతు దగ్గరికే మళ్లీ వెళ్లాను. ఈసారి కంట్రోలరులో ఫ్యాను ఆగిపోయింది. ఆయన ఫోను చేసింది ఉదయం తొమ్మిదిన్నరకు. పన్నెండు కాకముందే చేరాను, దారిలో ఎవరినీ ఏమీ అడగలేదు. ఒంటిగంటకు నీళ్లు పడ్డాయి. ఇప్పుడు చేనులో నువ్వులున్నాయి. "ఈసారి పడుకోవడానికి రాలేదా?" అని నవ్వాడు. మజ్జిగ తాగి, చోటు పేరు పక్కన ఫ్యాను మార్చిన తేదీ కూడా రాసుకుని వచ్చేశాను.

ఒక్క సందేహం మిగిలింది. యూ-బోల్టు కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేశాను. నెలకే అది గట్టిపడి నలిగిపోయింది, బిగింపు కాస్త తిరుగుతోంది. దాని చోట ఏం వేయాలి?


ఆటో ఎలక్ట్రీషియన్, జడ్చర్ల (ఏప్రిల్ 27)

అన్నా, సైకిల్ ట్యూబు పలచన, ఎండకు నిలవదు. పెట్రోలు పైపు ముక్కను నిలువుగా చీల్చి చుట్టు, లేదా ట్రాక్టరు ట్యూబు అతుకు వేసే చోట మందపాటి ముక్క అడిగి తెచ్చుకో. హ్యాండిలు మీద దుమ్ము, నూనె తుడిచి ఆరాక వెయ్యి. రెండు రోజులు తిరిగాక నట్టును ఇంకో పావు చుట్టు బిగించాలి, కొత్త రబ్బరు మొదట్లో కొంచెం అణుగుతుంది. థ్రెడ్‌లాకర్ ఆ తర్వాతే.